నల్ల వర్జీనియా ఫ్లేక్: వానాకాలంలో పదును చూసుకుని పైపు నింపడం

నమస్కారమండి. వెనకాల వాన చప్పుడు వస్తోంది, ఏమీ అనుకోకండి. రాత్రి నుంచి ఇదే వరస. ఇలాంటి రోజు కోసమే నేను ఆగాను కూడా. ఎందుకన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇవాళ చూసేది డార్క్ వర్జీనియా ఫ్లేక్. పైపులో తాగే పొగాకు. ముందు ఒక్క మాట చెప్పేస్తాను. పొగాకు ఒంటికి మంచిది కాదండి. పొగ గుండెల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉంటుంది. అలవాటు లేనివాళ్లు ఈ వీడియో చూసి మొదలుపెట్టకండి. 18 ఏళ్లు నిండనివాళ్లకి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. ఆ వయసు పిల్లలు ఎవరైనా చూస్తుంటే ఇక్కడితో ఆపేయండి నాన్నా. ఇప్పటికే పైపు తాగుతూ, ఫ్లేక్ కుదరక ఇబ్బంది పడుతున్నవాళ్ల కోసం ఇది.

సరే. ఇదిగోండి టిన్ను. 50 గ్రాములు. మా బావ ఇంగ్లాండ్ నుంచి వస్తూ పట్టుకొచ్చాడు. ఇది కెండల్ అనే ఊరి నుంచి వచ్చింది. ముక్కుపొడితో 1792లో మొదలైన కంపెనీ వాళ్లది. మూత ఊరికే రాదు. ఇలా అంచు కింద రూపాయి బిళ్ల పెట్టి కొంచెం తిప్పాలి. సుయ్‌మంది, విన్నారా? గాలి లోపలికి వెళ్లింది. వచ్చేసింది.

(దగ్గరగా: అరచేతిలో ఒక ఫ్లేక్)

చూడండి. ఏం గుర్తొస్తోంది? నాకైతే మామిడి తాండ్ర. మన ఆత్రేయపురం తాండ్ర, బాగా పాతబడి నల్లబడ్డ ముక్క ఎలా ఉంటుందో అచ్చం అలాగే. పొర మీద పొర, పక్క నుంచి చూస్తే గీతలు గీతలుగా కనిపిస్తాయి. తాండ్రలో రసం పొర మీద పొర పోస్తారు కదా, ఇక్కడ ఆకు మీద ఆకు పేర్చి ప్రెస్సులో అచ్చులా నొక్కేస్తారు. ఆ అచ్చుని పల్చగా కోస్తే ఈ ముక్కలు. ఈ ముక్కనే ఫ్లేక్ అంటారు.

వర్జీనియా మనకేం కొత్త కాదండి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు వెళ్తే రోడ్డు పక్కనే బ్యారన్లు, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గదులు, ఉంటాయి. కింద పొయ్యి, గొట్టాల్లోంచి వేడి, పైన కర్రలకి కట్టిన ఆకు. ముందు తక్కువ వేడిలో ఆకు పసుపు తిరుగుతుంది. అప్పుడే ఆకులో ఉన్న పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ వెంటనే వేడి పెంచి ఆరబెట్టేస్తారు కాబట్టి చక్కెర ఆకులోనే ఉండిపోతుంది. వర్జీనియా తియ్యదనం అక్కడిది. మన లంక పొగాకు అలా కాదు. అది పొయ్యి వేడి మీద కాదు, ఎండకీ గాలికీ నెమ్మదిగా ఆరుతుంది. ఆ ఆరడంలో చక్కెర ఖర్చయిపోతుంది. అందుకే లంక చుట్ట ఘాటు వేరు, దీని తీపి వేరు.

మరి పసుపు ఆకు ఇంత నల్లగా ఎలా అయింది? వేడండి. నొక్కినప్పుడో తర్వాతో మళ్లీ వేడి పెడతారు, ఆవిరి పట్టిస్తారు. చెరకు రసం పెనంలో ముందు ఎలా ఉంటుంది, బెల్లం దిగేటప్పటికి ఎలా ఉంటుంది? అదే సంగతి. రంగుతో పాటు రుచీ మారుతుంది. ఎండుగడ్డి వాసన తగ్గి ఖర్జూరం, తాటిబెల్లం వైపు వస్తుంది. కొంచెం చింతపండు పులుపు కూడా తగులుతుంది నాకు.

ఇక పనిలోకి వద్దాం. పైపు ఏదైనా పరవాలేదు. నాది బ్రయర్ కొయ్యది, గిన్నె మరీ వెడల్పు లేనిది. ఫ్లేక్‌కి సన్నటి గిన్నె నయం అని నా అలవాటు. మొక్కజొన్న కండె పైపు ఉన్నా బ్రహ్మాండంగా వస్తుంది, ఖర్చూ తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. నాకు దాదాపు రెండు టిన్నులు పాడైంది ఇక్కడే.

ఈ ఫ్లేక్ టిన్నులోంచి వచ్చేటప్పుడు తడిగా ఉంటుంది. బాగా తడి. ఇదిగో, వేలితో నొక్కుతున్నా, మెరుస్తోంది చూడండి. దీన్ని ఇలాగే నింపితే వెలగదు. వెలిగినా ఆరిపోతుంది. ఆరిపోతుందని గట్టిగా లాగుతాం, లాగితే ఆ తడంతా ఆవిరవుతుంది, ఆ ఆవిరి నేరుగా నాలుక మీదకే. నాలుక కాలిందంటే మూడు రోజులు కూరలో ఉప్పు తెలీదు. గొట్టంలో గులగులమని నీళ్లు. మొదటి టిన్ను నేను జూలైలో తీశాను. చదివిన ప్రతిచోటా ఒకటే మాట: అరగంట బయట పెట్టు, ఆరిపోతుంది. పెట్టాను. అరగంట, గంట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఆరలేదు. ఫ్యాను కింద పెట్టాను, అయినా ఆరలేదు.

తప్పు ఎక్కడో నాకు అర్థం కాలేదు. మా తాతయ్య అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. లంకలో నలభై ఏళ్లు పొగాకు వేసిన మనిషి. "ఇటు తే" అన్నారు. ముక్క తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపారు. వాసన కూడా చూడలేదు. "పదును ఎక్కువైంది రా. ఈ గాలిలో నువ్వు ఎంతసేపు పెట్టినా ఇంతే. గాలిలోనే నీళ్లున్నాయి కదా, ఆకు ఎక్కడికి వదులుతుంది?" అన్నారు.

పదును! అంటే ఆకులో ఉండే తడి. పొగాకు రైతు రోజూ అనే మాటే. ఎండిన ఆకుని మధ్యాహ్నం ముట్టుకుంటే పొడి అయిపోతుంది. తెల్లవారుజామున మంచుకి మెత్తబడి పదునుకొస్తుంది. అప్పుడే తీస్తారు, మండె కడతారు, అంటే కుప్పగా పేరుస్తారు. పదును తప్పితే మండెలో ఆకు బూజు పడుతుంది, లేదా ముక్కలవుతుంది. అదే లెక్క ఈ ఇంగ్లాండ్ ముక్కకీ వర్తిస్తుందని నాకు ఆ రోజు దాకా తట్టలేదు. అరగంట ఆరబెట్టు అని రాసినవాళ్లు పొడి గాలి ఉన్న ఊళ్లో కూర్చుని రాశారు. వాళ్ల మాట వాళ్ల ఊరికి నిజమే. ఇది గౌతమి గట్టు. ఇక్కడ వానాకాలంలో అప్పడాలే మెత్తబడిపోతాయి.

అందుకని నేనేం చేస్తానో చూపిస్తాను. రెండు దారులు.

మొదటిది ఏసీ గది. ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలో నీళ్లు లాగేస్తుంది. బయట గొట్టంలోంచి కారేవి ఆ నీళ్లే. రిమోట్‌లో డ్రై మోడ్ ఉంటుంది, ఈ చుక్క బొమ్మ, అది నొక్కండి. ఫ్లేక్‌ని ఇలా విడదీసి స్టీలు పళ్లెంలో పరిచి, తలుపు వేసేసి, నలభై నిమిషాలు. కాగితం మీద పరచకండి, న్యూస్‌పేపర్ అసలే వద్దు, సిరా వాసన పట్టేస్తుంది.

రెండోది, ఏసీ లేనివాళ్లకి, పాత ఫిలమెంట్ బల్బు. 60 వాట్లది. టేబుల్ లైటుకి పెట్టి, పళ్లెం ఒక అడుగు కిందన. ఎల్ఈడీ పనికిరాదు, దానికి వేడి చాలదు. పదిహేను నిమిషాలకోసారి తిరగెయ్యాలి. ఎండలో పెట్టొచ్చా అని అడుగుతారు. ఎండ ఉంటే ఈ గొడవే లేదు కదండీ. పెట్టినా నీడపట్టునే పెట్టండి, నేరుగా ఎండ తగిలితే వాసన పోతుంది. మైక్రోవేవ్ వద్దు. ఒక్కసారి చేశాను, అంచు పెళుసు, మధ్యలో తడి, వాసన మాత్రం గదంతా నిండింది. గదిలోకి పోయిన వాసన పైపులోకి తిరిగి రాదు.

తూకం వేసి కూడా చూశాను, వంటింట్లో స్వీట్లకి వాడే చిన్న త్రాసు మీద. ఈ టిన్నువి 10 గ్రాములు పెడితే ఎనిమిదిన్నరకి వచ్చేసరికి నాకు పదును సరిపోయింది. మీ టిన్నుకి ఇంతే అని కాదు, తడి ఒక్కో టిన్నులో ఒక్కోలా ఉంటుంది. వేలే నమ్మండి.

వేలి పరీక్ష ఇదిగో. దగ్గరికి తెస్తున్నాను.

(దగ్గరగా: వేళ్ల మధ్య పొగాకు)

నలిపిన పొగాకు చిటికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. ఇది ఆరబెట్టనిది. ముద్దగానే ఉండిపోయింది, కదలట్లేదు. ఇది గంట కిందట ఏసీలో పెట్టింది. నొక్కుతున్నా, వదులుతున్నా, చూడండి, నెమ్మదిగా విచ్చుకుంటోంది. మళ్లీ చూపిస్తా. నొక్కాను, వదిలాను. విచ్చుకుంది. ముట్టుకుంటే పొడిగా అనిపిస్తుంది గానీ విరగదు. ఇదే పదును. ఇదిగో మూడోది కావాలనే ఎక్కువ ఆరబెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని నలిపితే కరకరమంటుంది, వేలికి పొడి అంటుకుంటుంది. ఇది కూడా వద్దు, వేడిగా కాలుతుంది, రుచి ఉండదు. అయితే దీన్ని పారెయ్యక్కర్లేదు. కిటికీలో పావుగంట పెట్టండి చాలు. మన గాలే మళ్లీ పదునుకి తెచ్చేస్తుంది. ఈ సుఖం పొడి ఊళ్లవాళ్లకి లేదు.

సరే, నింపడం. దీంట్లో పెద్దగా ఏం లేదు. ఫ్లేక్‌ని అలాగే మడిచి దోపేవాళ్లు ఉన్నారు. అలా అయితే నెమ్మదిగా, ఎక్కువసేపు కాలుతుంది, వెలిగించడం కష్టం. నేను అరచేతిలో వేసి నలుపుతాను. ఇలా, ఇలా. పూర్తిగా పొడి చెయ్యను, సగం పోగులుగా సగం తునకలుగా ఉంచుతాను. అడుగున వదులుగా, మధ్యలో కొంచెం నొక్కి, పైన సన్నటి పోగులు. పీల్చి చూడండి. ఖాళీ గొట్టం కన్నా కొంచెం బరువుగా గాలి రావాలి, అంతే. రాకపోతే తీసేసి మళ్లీ నింపండి, మొహమాటపడకండి. కాలినకొద్దీ ఫ్లేక్ ఉబ్బుతుంది, కాబట్టి ఎప్పుడూ కొంచెం తక్కువే.

అడుగున బిగిసిపోతే నేను వాడేది ఇది. కొబ్బరి ఈనె. పైపు పనిముట్లని ఇనుపవి అమ్ముతారు, నా దగ్గరా ఉంది, డ్రాయర్లో పడి ఉంది. ఈనె వంగుతుంది, గిన్నె గోడ గీరుకోదు, పెరట్లోంచి కావలసినన్ని.

వెలిగించడానికి అగ్గిపుల్లే. గీసి ఒక్క క్షణం ఆగండి, ఆ మందు వాసన పోనివ్వండి. ఇప్పుడు మంటని పైన గుండ్రంగా తిప్పుతూ చిన్నగా పీల్చాలి. పొగాకు పైకి లేస్తుంది, చూశారా, జుట్టు లేచినట్టు. దాన్ని ఆరిపోనిచ్చి, మెల్లగా అదిమి, రెండో పుల్ల. రెండోసారికి నిలబడుతుంది. ఊదుమంట వచ్చే గ్యాస్ లైటర్లు వద్దు, గిన్నె అంచు కాల్చేస్తాయి.

తాగడం అంటే లాగడం కాదండి. చప్పరించడం. వేడి టీ అంచున పెదవి పెట్టినంత. పొగ గొంతు దిగక్కర్లేదు, నోట్లో తిప్పి వదిలెయ్యాలి. గిన్నె పట్టుకుంటే చేతికి గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే పక్కన పెట్టెయ్యండి. ఆరిపోతే ఆరిపోనివ్వండి, మళ్లీ వెలిగించుకుందాం. సగం దాటాకే దీని తాటిబెల్లం బయటికొస్తుంది. తొందరపడినవాళ్లకి అది దొరకదు. పొగ పైకి కనిపించినంత తేలికైంది కాదు, నికోటిన్ గట్టిగానే ఉంటుంది. ఖాళీ కడుపుతో ముట్టుకోకండి. తల తిరిగినట్టుంటే వెంటనే ఆపేసి, నీళ్లు తాగి కూర్చోండి.

మిగిలిన టిన్ను సంగతి. మూత తీశాక ఇందులో ఉంచకండి. గాజు సీసాలోకి మార్చెయ్యండి, కొత్త సీసా. ఆవకాయ పెట్టిన జాడీ ఎంత కడిగినా వద్దు. తడి ముక్కల్ని ఇలాగే వానాకాలమంతా ఉంచితే బూజు పడుతుంది. నేను కొంచెం ఆరబెట్టే మూత బిగిస్తాను, బీరువాలో చీకట్లో పెడతాను. పది రోజులకోసారి మూత తీసి వాసన చూస్తాను. తెల్లటి నూలుపోగుల్లాంటివి కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా మొత్తం సీసా పారబొయ్యడమే, ఏరుకోకండి.

ఇక ఈ పైపు. చల్లారాక బూడిద దులిపి, పైపు క్లీనర్, ఈ నూలు చుట్టిన సన్నటి తీగ, ఒకటి గొట్టంలోంచి ఇటు నుంచి అటు. ఇదిగో చూడండి, దాదాపు పొడిగానే వచ్చింది. ఆ జూలైలో ఇదే క్లీనర్ గోధుమరంగు నీళ్లతో తడిసి వచ్చేది. గొట్టం పైకి ఉండేలా గోడకి ఆనించి పెడుతున్నాను. ఈ వానల్లో కొయ్యకీ ఆరడానికి టైము పడుతుంది, ఎల్లుండి దాకా దీన్ని ముట్టుకోను. తాతయ్య లోపల్నుంచి పిలుస్తున్నారు, ఉంటానండి.