ఆకు ఎత్తుకున్న లోహాన్ని ఎక్కడ దించాలి?

(తిరుపతి స్టూడియో చర్చ నుంచి కొంత భాగం)

వ్యాఖ్యాత: మట్టిలోని లోహాలను పీల్చే మొక్కల గురించి మాట్లాడుకుంటున్నాం. అన్నా, చిత్తూరు నుంచి వచ్చారు. ముందు మీ మాట చెప్పండి.

రైతు: మా కయ్యకి ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండింది. మూసేసి నాలుగేండ్లయింది. ఆ నీళ్లు పారిన చోటే తోటకూర ఏపుగా వస్తా ఉండాది. మట్టి బాగుపడినట్టేనా మేడమ్?

అధ్యాపకురాలు: అలా అనుకోవద్దన్నా. పచ్చగా ఉందంటే మొక్క తట్టుకుందని మాత్రమే. వట్టివేరు లాంటివి లోహాన్ని చాలావరకు వేళ్ల దగ్గరే ఆపేస్తాయి. కొన్ని మాత్రం ఆకుల్లోకి ఎక్కించుకుని, కణాల లోపలి సంచుల్లో దాచుకుంటాయి. ఇదిగో, ఒక రెమ్మ తెచ్చాను.

వ్యాఖ్యాత: పాత బావి గోడల పగుళ్లలో కనిపించేదే కదా!

అధ్యాపకురాలు: అదే. టెరిస్ విట్టేటా అనే ఫెర్న్. ఆకు తిప్పండి, అంచు పొడవునా గోధుమరంగు గీత ఉంది చూశారా? అవి దీని సిద్ధబీజాలు. అమెరికాలోని ఫ్లోరిడాలో కలప చెడకుండా మందు పట్టించిన చోట, ఆ మందులోని ఆర్సెనిక్ అనే విషంతో పాడైన నేలలో ఇది హాయిగా పెరుగుతోందని 2001లో ప్రకటించారు. ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచితే కిలో ఎండిన ఆకులో 20 గ్రాములకు పైగా చేరింది! భాస్వరం వెళ్లే దారిలోనే వేరు దాన్నీ లోపలికి తీసుకుంటుంది. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే నీలం కలిసిన ఆకుపచ్చ పాలు కారతాయి. ఆ రంగు నికెల్ అనే లోహానిది.

రైతు: అయితే ఈ మొక్క పెడితే బ్యాటరీల నుంచి మా మట్టిలో చేరిన సీసం పోతాదా?

అధ్యాపకురాలు: పోదన్నా, ఇది ఆర్సెనిక్‌కు పనికొచ్చే మొక్క. సీసం మట్టికి అతుక్కుపోతుంది, ఆకుల దాకా ఎక్కేది తక్కువ. ఆవ మొక్కతో ప్రయత్నించారు. మట్టిలో రసాయనం కలిపితే ఎక్కింది గానీ, అలా కరిగిన సీసం బావి నీళ్లలోకి దిగే ప్రమాదం ఉంది. ముందు మట్టి పరీక్ష చేయించండి, సీసం చూడమని విడిగా అడగండి. అందాకా అక్కడ ఆకుకూరలు, ముల్లంగి వద్దు.

రైతు: మేం తినడం లేదు మేడమ్. కోసి మేకలకి వేస్తా ఉండాం.

అధ్యాపకురాలు: అది కూడా ఆపండి. దిబ్బలోనూ వేయొద్దు. మొక్క లోహాన్ని మాయం చేయదు, చోటు మారుస్తుందంతే. మేక తింటే మేకలోకి పోతుంది, దిబ్బలో వేస్తే ఎరువుతో పాటు మళ్లీ మీ కయ్యలోకే వస్తుంది. కాల్చినా బూడిదలో మిగులుతుంది.

రైతు: ఇంటికాడ ఇంకో మోపు ఉండాది. పిల్లోళ్లు సందేళకి మేకల ముందర వేసేస్తారు.

వ్యాఖ్యాత: ఇప్పుడే ఫోన్ చేయండన్నా, మేం ఆగుతాం.