సున్నం వేసిన ఆమ్ల నేలలో నీటి నడక: స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఆమ్ల నేలలకు సున్నం వేయడం గురించి మాట్లాడినప్పుడల్లా ఆమ్లత్వం తగ్గేకొద్దీ పెరిగే ఉదజని సూచిక (pH) ఎంత మారింది, దిగుబడి ఎంత వచ్చింది అన్న లెక్కలే వినిపిస్తాయి. ఆ తర్వాత వాన నీరు నేలలోకి ఎలా దిగుతుందన్నది ఈరోజు చర్చిద్దాం. మృత్తికా శాస్త్రవేత్త, వ్యవసాయ విస్తరణ అధికారి మనతో ఉన్నారు. డాక్టరు గారూ, సున్నంతో నేల గుల్లబారి నీరు బాగా ఇంకుతుందంటారు, నిజమేనా?

శాస్త్రవేత్త: కాలక్రమంలో చాలా నేలల్లో నిజమేనండి, కానీ మొదట్లో దానికి విరుద్ధంగా జరగవచ్చు. ఉదజని సూచిక 5 కన్నా తక్కువున్న నేలలో అల్యూమినియం కరిగి, మూడు ధనావేశాలున్న అయానుగా బంకమట్టి రేణువులను దగ్గరగా పట్టి ఉంచుతుంది. అందుకే తీవ్ర ఆమ్లత్వమున్న కొన్ని ఎర్ర నేలలు పంట వేళ్లకు విషమైనా నీటిని చక్కగా దింపుకుంటాయి. సున్నంతో సూచిక 5.5 దాటేసరికి ఆ అల్యూమినియం కరగని రూపంలోకి మారిపోతుంది. అదే సమయంలో, ముఖ్యంగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఎక్కువున్న నేలల్లో, రేణువుల మీద రుణావేశం పెరిగి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అలా విడిపోయిన బంకమట్టి నీటితో పాటు దిగి సన్నని రంధ్రాలను మూసేస్తుంది.

విస్తరణ అధికారి: దీన్ని ఎవరైనా కళ్లారా చూడవచ్చు. ఎండిన చిన్న మట్టిగడ్డను గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదిలి, కొన్ని గంటల పాటు కదపకుండా ఉంచాలి. గడ్డ చితికినా నీరు తేటగా ఉంటే భయం లేదు. దాని చుట్టూ పాలలాంటి మసక కమ్ముకుంటే మాత్రం బంకమట్టి విడిపోతున్నట్టే. అలాంటి నేల వానకు తడిసి ఆరాక పైన పెచ్చు కడుతుంది.

వ్యాఖ్యాత: మరి మేలు ఎప్పుడు మొదలవుతుంది?

శాస్త్రవేత్త: సున్నం కరిగేకొద్దీ కాల్షియం పెరిగి, బంకమట్టికీ సేంద్రియ పదార్థానికీ మధ్య వంతెనలా నిలుస్తుంది. అంతకన్నా పెద్ద మార్పు జీవులది. ఆమ్లత్వం తగ్గాక వేళ్లు, శిలీంధ్రపు దారాలు, వానపాములు విస్తరిస్తాయి. వాటి దారులే నీటికీ దారులవుతాయి. ఇందుకు కొన్ని పంటకాలాలు పడుతుంది.

వ్యాఖ్యాత: నేల ఎక్కువ నీటిని నిల్వ చేసుకుంటుందా?

శాస్త్రవేత్త: నిల్వ సామర్థ్యాన్ని ప్రధానంగా ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్లు, సేంద్రియ పదార్థం నిర్ణయిస్తాయి. సున్నంతో అది పెద్దగా మారదు. నన్ను ఎక్కువగా బాధించేది వేళ్లు ఎంత లోతుకు దిగుతాయన్నది. సున్నం పైపొరకే పరిమితమైన పొలంలో గొయ్యి తవ్వితే, ఇరవై సెంటీమీటర్ల దగ్గర, అడుగు మట్టిలోని అల్యూమినియం విషం వల్ల వేళ్లు పొట్టిగా, మొద్దుగా, గోధుమరంగు కొనలతో పక్కకు తిరిగిపోయి కనిపిస్తాయి. ఆ కిందే చేతికి చల్లగా తగిలే తడి మట్టి ఉంటుంది, పైన మొక్క వాడిపోతుంటుంది. ఉదాహరణకు, ప్రతి 10 సెంటీమీటర్ల మట్టి మొక్కకు 12 మిల్లీమీటర్ల నీటిని ఇవ్వగలదనుకుందాం. వేరు 20 సెంటీమీటర్ల దగ్గరే ఆగితే అందేది 24 మిల్లీమీటర్లు, 60 వరకూ దిగితే 72. రోజుకు 5 మిల్లీమీటర్లు వాడే పంటకు మొదటిది అయిదు రోజులకు కూడా చాలదు, రెండోది రెండు వారాలు ఆదుకుంటుంది.

విస్తరణ అధికారి: చిక్కంతా అక్కడే ఉంది. సున్నపురాయి పొడి నీటిలో అతి స్వల్పంగా కరుగుతుంది కాబట్టి, కలియదున్నిన లోతు దాటి దిగడానికి ఏళ్లు పడుతుంది. అదే జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు ఖనిజం, లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరిగి, కాల్షియాన్నీ సల్ఫేటునూ అడుగు పొరకు చేరవేస్తుంది. సల్ఫేటు అల్యూమినియంతో జతకట్టి దాని విషాన్ని తగ్గిస్తుంది. కరిగిన లవణం వల్ల పైపొరలో బంకమట్టి కూడా విడిపోకుండా ఉంటుంది.

వ్యాఖ్యాత: అయితే సున్నం బదులు జిప్సమే వేయవచ్చా?

శాస్త్రవేత్త: వద్దండి. జిప్సం ఉదజని సూచికను దాదాపు మార్చదు, మోతాదు మించితే మెగ్నీషియం, పొటాషియం కిందికి కొట్టుకుపోతాయి. ఆక్సైడ్లు ఎక్కువున్న నేలల్లో సున్నంతో 5.5 నుంచి 6 వరకూ తెచ్చి ఆపడం మంచిది. 7 దాటిస్తే జింకు, మాంగనీసు లోపాలు కూడా తోడవుతాయి.

విస్తరణ అధికారి: అందుకే భూసార పరీక్షకు పైమట్టితో పాటు 20 నుంచి 40 సెంటీమీటర్ల లోతు మట్టిని కూడా విడి సంచిలో పంపమని కోరుతున్నాను. జిప్సం అవసరమా కాదా అన్నది ఆ రెండో సంచిలోని మట్టిలో ఉన్న అల్యూమినియం, కాల్షియం చూశాకే చెప్పగలం.