ప్రార్థనకు గంటల లెక్క ఎందుకు?

అధ్యక్షులకు, వేదిక మీది దైవసేవకులకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు. పేరుపేరునా చెప్పాలి గానీ, అలా మొదలుపెడితే అంశానికి టైమ్ మిగలదు.

అంశం అనుదిన ప్రార్థనలో స్థిరత్వం. దీని మీద నాకు చాలాకాలంగా ఒక కోపం ఉంది, ముందు అది చెప్పుకోనివ్వండి. మన సభల్లో సాక్ష్యం అంటే తెల్లవారుజామున మూడింటికి లేచాను, గంటలకొద్దీ మోకరించాను అనే లెక్కే. వినేవాళ్లలో నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లుంటారు, చంటిబిడ్డల తల్లులుంటారు. 'ఇది మనవల్ల కాదులే' అనుకుంటూ ఇంటికి పోతారు. ప్రార్థించండి, ప్రార్థించండి అని గద్దించేవాళ్లు ఎందరో. పక్కన కూర్చుని ఎలాగో చెప్పేవాళ్లు ఏరీ?

శిష్యులు అడిగింది అదే కదా, మాకు ప్రార్థించడం నేర్పమని. ప్రభువు నేర్పిన ఆ పరలోక ప్రార్థన నిమిషంలో అయిపోతుంది. తొలినాళ్ల సంఘంలో దాన్ని రోజుకు మూడుసార్లు చెప్పమన్నారు. డిడాకే అనే ప్రాచీన గ్రంథంలో ఆ మాట ఉంది.

ఇక్కడ మంగలి పీటర్ సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో, సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసే మనిషి. ప్రార్థన ఎలా చేయాలి అని లూథర్‌నే అడిగాడు. ఆయన ఎంతో పనిలో ఉండి కూడా ఆ మంగలి కోసం ఒక చిన్న పుస్తకమంత ఉత్తరం రాశాడు. 1535లో అచ్చయింది. మంచి మంగలి చూపూ మనసూ కత్తి మీదే పెడతాడు, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనా అంతే అన్నాడు. ఉదయం మొదటి పని, రాత్రి చివరి పని ప్రార్థనే కావాలన్నాడు. 'ఒక గంట ఆగి చేద్దాం, ముందు ఈ పని చూద్దాం' అనే ఆలోచనను నమ్మవద్దన్నాడు. మనసు చల్లబడితే కీర్తనల పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్లి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం పైకి చదువుకోమన్నాడు. చూడండి, మనసు రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాడు!

ఆ పీటరే అదే ఏడాది ఈస్టర్ రోజుల్లో మద్యం మత్తులో అల్లుణ్ణి పొడిచి చంపాడు. మరణశిక్ష తప్పింది గానీ దేశబహిష్కారం తప్పలేదు. ఇది దాచి, ముందు సగమే చెప్పే బోధకులున్నారు. నాకది నచ్చదు. ప్రార్థన నేర్చుకున్నవాడు కూడా పడిపోవచ్చు. అలాంటివాడి పక్షంగా మాట్లాడినవాళ్లలో లూథర్ ఉన్నాడు.

బైబిల్లోని దానియేలు గురించి చాలా రాసుకొచ్చాను, టైమ్ లేదు. ఒక్కటే చెబుతాను. ముప్పై రోజులు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చింది. అప్పుడు ఆయన ఉపవాస కూడిక పెట్టలేదు. కిటికీలు మూయలేదు. రోజూ మూడుసార్లు చేసేది ఆ రోజూ చేశాడు. కష్టం వచ్చాక అలవాటు చేసుకుందామంటే కుదరదు తమ్ముడూ.

అందుకే, ఇక్కడే, కూర్చున్న చోటే ఒక సమయం అనుకోండి. ఎంతసేపు అని కాదు, ఎప్పుడు అని. చేతులెత్తమని అడగను. లేచింది ఆరింటికైతే ఆరింటికే. ఫోన్ తీయకముందు. ఒక కీర్తన, మీ ఇంటివాళ్ల పేర్లు, పరలోక ప్రార్థన. పది నిమిషాలు చాలు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేసి బాకీ తీర్చాలని చూడకండి. దేవుడు వడ్డీ వ్యాపారి కాడు. ఆ రోజుది ఆ రోజు చేయండి.

ఇక లేచి నిలబడదాం. పరలోక ప్రార్థనను అందరూ మనసు పెట్టకుండా వల్లించి హింసిస్తారు, లోకంలో దాన్ని మించిన హతసాక్షి లేదని లూథర్ పీటర్‌కు రాశాడు. ఈ పూట మనం హింసించొద్దు. ఒక్కో మనవి దగ్గర ఆగుదాం. వెనక వరుసవాళ్లు మాకంటే ముందు ఆమేన్ దగ్గరికి చేరుకోవద్దు, దయచేసి.

పరలోకమందున్న మా తండ్రీ...