మూడో అంతస్తుకి కాలువ ఎక్కిందా అండీ?

ఆగండి ఆగండి. ముందు మీ మేస్త్రి చేతిలో సుత్తి కింద పెట్టించండి.

పోయిన వీడియోలో ఒకే ఒక్క మాట అన్నాను. లీకు ఎక్కడుందో రంగు నీళ్లు పోసి చూడకుండా గోడ పగలగొట్టేవాడు ప్లంబరే కాదు అని. అంతే, కామెంట్లలో ఒకటే తిట్లు. "మాది ఇరవై ఏళ్ల సర్వీసు, నువ్వెవడివి చెప్పడానికి" అని ఒకాయన. "కోనసీమలో చెమ్మ లేని ఇల్లు ఒక్కటి చూపించు" అని ఇంకొకాయన. సరే, మళ్లీ అంటున్నా, రాసుకోండి. ప్లంబరే కాదు!

మన డెల్టాలో ఇంటికి ఏ జబ్బు చేసినా నేరం కాలువ మీదకే పోతుంది. "నేల గుణం బాబూ, కాలువ నీరు ఎక్కుతోంది" అంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాటన్ దొర పొలాలకి నీళ్లిచ్చాడు గానీ, మీ బాత్రూమ్ గోడకి ఇవ్వలేదు కదండీ. కింద వాటాలో గచ్చు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఉప్పు తేలి, పెయింటు పొక్కులు లేస్తే ఒప్పుకుంటాను, అది చాలావరకు నేల తడే. కానీ మూడో అంతస్తు బాత్రూమ్ కింద, రెండో అంతస్తు సీలింగు పెచ్చులూడుతుంటే? కాలువ మెట్లెక్కి వచ్చిందా, లిఫ్టులో వచ్చిందా?

నా అనుమానం ఒకటే. రంగు పొడికి బిల్లు వెయ్యలేరు. పగలగొడితే టైల్సుకి బిల్లు, సిమెంటుకి బిల్లు, కూలికి బిల్లు, పైన వాటర్‌ప్రూఫింగ్ అని ఇంకో బిల్లు. అందుకే ఎవరూ రంగు మాట ఎత్తరు. కాదంటే చెప్పండి.

ఇప్పుడు చూడండి ఎంత తేలికో. రోజుకి మూడుసార్లు మోటారు వేసినా మేడ మీది ట్యాంకు ఖాళీ అయిపోతోందని పెరడంతా తవ్వించేవాళ్లున్నారు. తవ్వకండి. కిరాణా కొట్లో మిఠాయి రంగు దొరుకుతుంది, ఎరుపో ఆకుపచ్చో. ఫ్లష్ ట్యాంకు నిండాక మూత తీసి పావు చెంచా వెయ్యండి. అరగంట ఎవర్నీ ఫ్లష్ నొక్కనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని, రంగు వేశారని తెలిస్తే వాళ్లు ఆగరు. తర్వాత కమోడ్‌లోకి వంగి చూడండి. తెల్లటి పింగాణీ మీద వెనక నుంచి సన్నటి రంగు గీత జారుతోందా? ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు వాషరు పోయింది. రాత్రంతా నీళ్లు చప్పుడు లేకుండా అందులోంచే పోతున్నాయి. దీనికి పలుగూ పారా ఎందుకండీ?

ఇక బాత్రూమ్. పాలిథిన్ కవర్లో గుడ్డ చుట్టి నానీ ట్రాప్‌లో, అంటే గచ్చు మీద నీళ్లు పోయే జాలీ కన్నంలో, బిగించండి. రంగు కలిపిన నీళ్లు 2 అంగుళాలు నిలబెట్టి ఒక రోజంతా వదిలెయ్యండి. కింద ఫ్లాటు సీలింగు మీద రంగు దిగితే టైల్సు సందుల్లోంచి కారుతోంది. దిగకపోతే గుడ్డ లాగెయ్యండి. ఆ నీళ్లు పైపులోంచి పోయాక అప్పుడు రంగు కనిపిస్తే దొంగ డ్రైన్ పైపు జాయింటు. వాష్ బేసిన్‌కి వేరే రంగు వాడండి, ఏది ఎక్కడిదో కలిసిపోకుండా. సంకన్ స్లాబ్ అయితే, అంటే బాత్రూమ్ కింద స్లాబు పల్లంగా వేసి పైన రబ్బిష్ నింపినదైతే, ఇంకో రెండు రోజులు ఓపిక పట్టండి, నీళ్లు లోపలి రబ్బిష్‌లో నానుతూ కూర్చుంటాయి. దారిలో రంగు ఇంకిపోయి అసలు కనపడకపోవచ్చు కూడా. అయినా సుత్తి కంటే నయమే.

ఇది నేను కనిపెట్టిన చిట్కా అనుకుంటున్నారేమో! 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీళ్లు నేలలోకి ఇంకిపోయి ఎక్కడ తేలుతున్నాయో తేల్చడానికి 10 కిలోల ఫ్లోరసిన్ రంగు పోశారు. సుమారు 60 గంటలకి ఆఖ్ ఊట దగ్గర ఆకుపచ్చగా బయటపడింది. నదినే పట్టిచ్చింది, మీ ఫ్లాటు ఒక లెక్కా? ఇంకోటి వినండి. అమెరికాలో షికాగో నదిని ఏటా సెయింట్ పాట్రిక్ పండక్కి ఆకుపచ్చ చేస్తారే, అది 1962లో మొదలెట్టింది ఎవరనుకుంటున్నారు? ప్లంబర్ల సంఘం! నదిలోకి మురుగు ఎవరు వదులుతున్నారో పట్టుకునే రంగుని పండక్కి వాడారు. మొదటిసారి పోసిన 100 పౌండ్లకి నది వారం రోజులు ఆకుపచ్చగానే ఉందట. అక్కడ ప్లంబర్లు రంగుతో పండగ చేసుకుంటే, ఇక్కడ రంగు పేరెత్తినందుకు నన్ను తిడుతున్నారు!

ఒకాయన అడిగారు, ఓవర్‌హెడ్ ట్యాంకులోనే రంగు కలిపేద్దామా అని. అయ్య బాబోయ్, ఆ నీళ్లతోనే అన్నం వండుకుంటారండీ! మంచినీళ్ల పైపుకి రంగు పనికిరాదు. ఆ పైపు కారితే మీరు వాడినా వాడకపోయినా చుక్క పడుతూనే ఉంటుంది, డ్రైను అయితే స్నానం చేసినప్పుడే. రాత్రి ఎవరూ కుళాయి తిప్పకుండా ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీసి, మట్టం దిగిందేమో పొద్దున్నే చూసుకోండి.

అపార్ట్‌మెంట్ల గొడవ మీకు తెలిసిందే. పైవాళ్లు "మాది కాదు" అంటారు, కిందవాళ్లు "మీదే" అంటారు, అసోసియేషన్ మీటింగులో కుర్చీలు లేస్తాయి. పైన ఆకుపచ్చ నీళ్లు పోసి, కింద సీలింగు మీద ఆకుపచ్చ మరక ఫోన్లో తీసి గ్రూపులో పెట్టండి. ఇక వాదించమనండి చూద్దాం, ఆయ్!

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్లంబర్ అన్నలూ, ఈసారి తిట్టేముందు ఏ రంగు పోశారో, ఎంతసేపు ఆగారో కూడా రాయండి. అవి లేని కామెంటుకి నేను జవాబివ్వను.