ఆ దుప్పటి ముక్కను లాక్కోకండి

అందరికీ నమస్కారం.

మీరు రాసిచ్చిన చీటీలు చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే: "రెండున్నరేళ్లు వచ్చాయి, ఆ దుప్పటి ముక్క లేనిదే గడప దాటడు. ఎలా మాన్పించాలి?" కొందరింట్లో దుప్పటి, కొందరింట్లో గుడ్డబొమ్మ, ఇంకొందరింట్లో పాలపీక, అంటే పాలు లేకుండా ఊరికే చప్పరించే పీక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దుప్పటినీ బొమ్మనూ ఈ వయసులో పూర్తిగా మాన్పించాల్సిన పనే లేదు. వాటికో చోటు, ఓ వేళ ఏర్పరిస్తే చాలు. మిగతాది పిల్లలే చూసుకుంటారు. పాలపీక సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ రాత్రి పడుకునేటప్పుడు మీ పాపను కాస్త దగ్గర నుంచి గమనించండి. తనకు దుప్పటంతా అక్కర్లేదు. తడిమి తడిమి ఒక్క మూల పట్టుకుంటుంది. అక్కడ కుట్టు దగ్గరున్న లేబుల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ, ఆ అంచుతో పై పెదవి మీద రాసుకుంటుంది. కాసేపటికి వేళ్ల కదలిక తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది. నడిరాత్రి మెలకువ వచ్చినా మిమ్మల్ని లేపకుండా మళ్లీ ఆ మూల వెతుక్కుని నిద్రలోకి జారుకుంటుంది. తనను తాను ఊరడించుకోవడం పాప సొంతంగా నేర్చుకుంది. దీన్ని చెడ్డ అలవాటని నేను అనలేను.

బ్రిటన్‌కు చెందిన పిల్లల డాక్టర్, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1951లోనే ఈ వస్తువుల మీద ఒక పత్రం సమర్పించారు. అమ్మ వేరు, తాను వేరు అని పసిబిడ్డ తెలుసుకునే దశలో ఇవి ఆసరాగా నిలుస్తాయన్నది ఆయన ఆలోచన. ఏది ఆసరా అవుతుందో తేల్చేది కూడా బిడ్డే. మీరు ముచ్చటపడి కొన్న బొమ్మ మూలన పడి ఉంటుంది, చిరిగిన దుప్పటి చంకలో ఉంటుంది.

"పాతదైపోయింది, అచ్చం ఇలాంటిదే కొత్తది కొనిస్తా" అని బేరం పెట్టి చాలామంది విసిగిపోతారు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధన చూస్తే కారణం అర్థమవుతుంది. ఏ వస్తువు పెట్టినా దానికి కాపీ తీస్తుందని నమ్మించి, పిల్లలకు ఒక మిషన్ చూపించారు. మామూలు బొమ్మల విషయంలో పిల్లలకు పేచీ లేదు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అసలుదే కావాలన్నారు. కొందరైతే దాన్ని మిషన్‌లో పెట్టనివ్వనే లేదు. కాబట్టి ఉతకాల్సి వచ్చినా చెప్పి ఉతకండి, ఆరేసిన చోటు చూపించండి.

దాచేసి "బూచోడు ఎత్తుకెళ్లాడు" అనకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. రెండేళ్ల బిడ్డ ఆ మాట నిజమనే నమ్ముతుంది. దుప్పటిని ఎత్తుకెళ్లినవాడు రేపు ఇంకేం ఎత్తుకెళ్తాడో అని మిమ్మల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. "ఛీ, పెద్దదానివయ్యావు" అని నలుగురి ముందూ అనడం కూడా అంతే. సిగ్గుపడ్డ బిడ్డకు ఆ గుడ్డ అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మరి ఏం చేయాలి? బయటికి తీసుకెళ్లడం తగ్గించడంతో మొదలుపెట్టండి. బయల్దేరేటప్పుడు దాన్ని మీరు తీసుకోకండి, మీ బాబు చేతే మంచం మీద పడుకోబెట్టించండి. "మనం వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది" అని చెప్పండి. తిరిగొచ్చాక పెట్టిన చోటే కనబడాలి. మీరు లేనప్పుడు దాన్ని ఎవరూ సర్దకూడదు, ఉతికెయ్యకూడదు. ఆ మాట నిలబడితే రెండోసారి వదిలి రావడం తేలికవుతుంది. అది అలవాటయ్యాక పగలు దుప్పటిని మంచం దిగనివ్వకండి. కావాలంటే వాడే మంచం దగ్గరికి వెళ్లి కాసేపు పట్టుకుని వస్తాడు. ఆట మధ్యలో అలా వెళ్లిరావడం వాడికే విసుగనిపిస్తుంది.

కింద పడి ఏడుస్తున్నప్పుడు చాలామందిమి కంగారులో ముందు దుప్పటి అందిస్తాం. ముందు ఎత్తుకోండి. దెబ్బ ఎక్కడ తగిలిందో అడగండి, అప్పటికీ ఏడుపు ఆగకపోతే దుప్పటి. ఇంట్లో నానమ్మ, తాతయ్య, ఆయా అందరిదీ ఒకే మాట కావాలి. తమ్ముడో చెల్లెలో పుట్టే సమయం, ఇల్లు మారే సమయం, జ్వరం, కొత్తగా బడికి వెళ్లడం, వీటిలో ఏదున్నా ఈ పని వాయిదా వేయండి. టెన్షన్ పడకండి, నెల ఆగితే ఏమీ కాదు.

ఇక పాలపీక. మొదటి ఏడాదిలో నిద్రపోయేటప్పుడు పీక ఇస్తే, పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం తగ్గుతుందని పిల్లల డాక్టర్లు చెబుతారు. కానీ ఆరు నెలలు దాటాక కూడా వాడుతుంటే చెవి ఇన్‌ఫెక్షన్లు పెరగవచ్చు. ఏళ్ల తరబడి సాగితే పళ్ల వరస దెబ్బతింటుంది. మూడేళ్లకల్లా మాన్పించమని పళ్ల డాక్టర్లు అంటారు. పగలు ముందు, రాత్రి తర్వాత. చేదు పూయకండి. మరో మాట, ఏడాది నిండని బిడ్డ పక్కలో దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మ ఏవీ పెట్టకూడదు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. మనం ఇంతసేపూ మాట్లాడుకున్న తోడు ఏడాది దాటిన పిల్లలకే.

మానేశాక ఎప్పుడైనా జ్వరంలోనో, కొత్త చోట పడుకున్నప్పుడో మళ్లీ అడిగితే ఇచ్చేయండి. పడిన కష్టమంతా వృథా అయిపోదు. పిల్లలు దాన్ని పట్టుకుని ఆటలు, మనుషులు వద్దనుకుంటే, రోజంతా దానితోనే ఉండిపోతుంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి. అప్పుడు కూడా దుప్పటిని ఇంట్లో వదిలి వెళ్లకండి, దానితో బిడ్డ ఎలా ఉంటుందో డాక్టర్ కళ్లారా చూడాలి.