ఫిరంగి దళంలో తాతగారి జాడ

అందరికీ నమస్కారం.

"మా తాత బర్మా యుద్ధంలో ఫిరంగులు పేల్చాడు" అని చెప్పుకునే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. నిజం కావచ్చు. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫీల్డ్ రెజిమెంటులో, అంటే వందల మంది ఉండే ఫిరంగి దళంలో, ఉన్న ఫిరంగులు 24. పాతిక పౌండ్ల గుండు విసిరే ఆ ఫిరంగి ఒక్కోదాని దగ్గర పనిచేసేది ఆరుగురు. మిగతా వందల మంది ఏం చేశారు? గుండు దాదాపు 12 కిలోమీటర్లు వెళ్తుంది, పేల్చేవాళ్లకి శత్రువు కనపడడు. ముందు వరుసలో కూర్చున్న అధికారి గుండు ఎక్కడ పడిందో చూసి వైర్‌లెస్‌లోనో ఫోన్‌లోనో చెప్పాలి. ఆ తీగ తెగితే ఎవరో ఒకరు పాక్కుంటూ వెళ్లి కలపాలి. మీ తాతగారు ఆ తీగ కలిపినాయనో, లారీ నడిపినాయనో అయితే తక్కువేం కాదు. నన్నడిగితే అదే ఎక్కువ.

వెతుకులాట ఇంట్లోని ట్రంకుపెట్టెతో మొదలుపెట్టండి. పతకం దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి, దాని అంచు చదవండి. ఆ యుద్ధం పతకాలు బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు. మనవాళ్లకిచ్చిన వాటి అంచున మాత్రం సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం వేయించారు. అన్నిటికన్నా విలువైనది ఆ నంబరే. బర్మా స్టార్ అనే పతకం ఉన్నంత మాత్రాన ఆయన బర్మాలో అడుగుపెట్టాడని కాదు. 1942 మే నుంచి బెంగాల్, అస్సాంలలో పనిచేసిన వాళ్లకి కూడా అది వచ్చింది.

దళం పేరు తెలిశాక యుద్ధ డైరీలు చూడొచ్చు. ఆగ్నేయాసియా రంగంలోని దళాలవి లండన్ శివారు క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 172 (WO 172) అనే వరుసలో ఉన్నాయి. రెజిమెంటు ఏ రోజు ఎక్కడుందో, ఎన్ని గుండ్లు పేల్చిందో వాటిలో తెలుస్తుంది. పేర్లు మాత్రం ఎక్కువగా అధికారులవే. గన్నర్లు, అంటే ఫిరంగి దళంలోని మామూలు సిపాయిలు, అంకెల్లోనే కనిపిస్తారు, అదొక బాధ.

మనిషి కాగితాల కోసం నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కి, అంటే ఫిరంగి దళపు రికార్డుల ఆఫీసుకి, రాయాలి. పెన్షన్ తీసుకున్నవాళ్లవి మిగిలే అవకాశం ఎక్కువ. యుద్ధం కోసమే చేరి, అది ముగియగానే ఇంటికొచ్చేసిన వాళ్లవి దొరక్కపోతే నిరాశపడకండి. పెన్షన్ లేని అలాంటి వాళ్లకీ, వాళ్ల భార్యలకీ ప్రభుత్వం ఆర్థిక సాయం ఇచ్చింది. మీ నాయనమ్మగారు దానికి దరఖాస్తు పెట్టి ఉంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో డిశ్చార్జి పత్రం నకలు ఉండొచ్చు. యుద్ధంలోనే కన్నుమూసిన వాళ్లకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది, ఇంట్లోంచే వెతకొచ్చు.

ఎక్కడ వెతికినా వెంకటేశ్వర్లు అన్న పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాసి చూడండి. ఆ స్పెల్లింగు మీ తాతగారిది కాదు, చేర్చుకున్న రోజు బల్ల వెనక కూర్చున్న గుమాస్తాది. ఇంటిపేరు ముందుందా, వెనకుందా, అసలు ఉందా అన్నది కూడా ఆయన ఇష్టమే. అందుకే ఉత్తరంలో పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా రాయండి. నంబరు తెలిస్తే అన్నిటికన్నా పైన రాయండి.