సంతకం మీది, జవాబులు ఎవరివి?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనకాల టీ గ్లాసులతో నిలబడ్డవారికి నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ మన ఊరి సభల్లో ఆ వందనాలు అయ్యేసరికి ఉప్మా చల్లారిపోతుంది. ఒక్క నమస్కారాన్ని అందరూ సర్దుకోండి.

కార్యదర్శిగారు ఓ కాగితం చేతిలో పెట్టారు. ఆరోగ్య బీమా, జీవిత బీమా తీసుకునేముందు జనం అడిగే ప్రశ్నలట, వరసగా జవాబులు చెప్పమన్నారు. కొన్ని గబగబా తేల్చేస్తాను. 65 దాటినవాళ్ళకు ఆరోగ్య పాలసీ ఇస్తారా? ఇస్తారు. ఆ వయసు అడ్డు 2024లో తీసేశారు. ప్రీమియం మాత్రం గట్టిగానే ఉంటుంది, ముందే చెబుతున్నా. జీఎస్టీ కట్టాలా? మనం సొంతంగా తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు, అంతకుముందు 18 శాతం ఉండేది. తీసుకున్నాక నచ్చకపోతే? కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయవచ్చు.

మిగతావి ఆపేస్తున్నాను, కార్యదర్శిగారు ఏమీ అనుకోకూడదు. ఎందుకంటే ఈ కాగితం నిండా ఉన్నవి మనం కంపెనీని అడగాల్సిన ప్రశ్నలు. కంపెనీ మనల్ని అడిగే ప్రశ్నల సంగతి ఇందులో లేదు. నా ఉద్యోగమంతా క్లెయిముల సెక్షన్‌లోనే గడిచింది. అక్కడ కూర్చుని చూసినవాడిగా చెబుతున్నాను, కొంపలు మునిగేది ఆ రెండో రకం ప్రశ్నల దగ్గరే.

పాలసీ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం కంపెనీ అడిగే ప్రశ్నలకు జవాబులు రాసిచ్చే దరఖాస్తు, మొత్తం చదివి సంతకం పెట్టినవాళ్ళు? చూశారా. ఆ మూల మేష్టారొక్కరే ఎత్తారు, అది కూడా సగమే.

ఇప్పుడు ఓ మనిషి సంగతి చెబుతాను. పేర్లొద్దు. మన మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. లెక్క ఒక్క పైసా తప్పని మనిషి. షుగర్ ఉంది, పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. వరసకు బావ అయ్యే ఏజెంటు వచ్చి ఆరోగ్య పాలసీ రాయించాడు. "షుగర్ అని రాస్తే టెస్టులంటారు, తిప్పుతారు, నీకెందుకు బావా ఆ టెన్షన్? నేను చూసుకుంటాగా" అన్నాడు. ఈయన ఇంటూ గుర్తు ఉన్నచోటల్లా సంతకం పెట్టాడు. గడులన్నీ బావగారు ఇంటికెళ్ళి తీరిగ్గా నింపుకున్నాడు. మధుమేహం ఉందా? లేదు. రోజూ వాడే మందులున్నాయా? లేవు. గట్టిగా చూస్తే మనిషికి దగ్గు కూడా వచ్చినట్టు లేదు ఆ ఫారంలో.

రెండో ఏడు గుండె నొప్పి వచ్చింది. కొత్తపేటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు, స్టెంటు వేశారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఆయన భార్యను అడిగాడు, అమ్మా షుగరుందా, ఎన్నాళ్ళ నుంచి అని. "ఎనిమిదేళ్ళుగా ఉందండీ" అని ఆవిడ చెప్పింది. అది కేస్ షీట్‌కెక్కింది. ఫైలు మా సెక్షన్‌కు వచ్చేసరికి ఈ కాగితం పక్కన ఆ కాగితం. ఒకదాంట్లో ఎనిమిదేళ్ళు, ఒకదాంట్లో అసలు లేదు. ఉన్న జబ్బు దాచారని క్లెయిము కొట్టేశారు. బిల్లు కొట్టు యజమాని దగ్గర అప్పు చేసి కట్టారు. ఆవిడ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడి, "నేను డాక్టరుకి అబద్ధం చెప్పాల్సిందా అన్నయ్యా?" అంది. డాక్టరుకి అబద్ధం చెబితే ప్రాణం మీదికొచ్చేదమ్మా అన్నాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏముంది?

ఆ ఫారం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నాలుగు పేజీల ఇంగ్లీషు. కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆయన సంతకం, చిట్టా రాసే చేతిరాత. దాని కింద ఇంకో గడి. ఇంగ్లీషు ఫారం మీద తెలుగులో సంతకం పెడితే, "ఇందులో ఉన్నదంతా ఈయనకు తెలిసిన భాషలో వివరించి చెప్పాను" అని ఇంకొకరు రాసివ్వాలి. అక్కడా ఒక సంతకం ఉంది. అదెవరిదండీ అని గుమాస్తాగారిని అడిగాను. కాసేపు చూసి, తెలియదన్నాడు. వివరించి చెప్పినవాడి మొహం కూడా ఈయన చూడలేదు! నా బాధంతా ఇదే. కంపెనీ మోసమా, ఏజెంటు మోసమా అని మీరు వాదించుకోండి. నేనడిగేది, తెలుగు మనిషికి తెలుగులో ఫారం ఎందుకివ్వరు? అమ్మేటప్పుడు కరపత్రం తెలుగే, టీవీలో ప్రకటన తెలుగే. మన మెడకు చుట్టుకునే కాగితం మాత్రం ఇంగ్లీషు.

సరే. షుగర్ ఉందని నిజం రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెంచుతారు. ఆ జబ్బుకు సంబంధించిన ఖర్చు కొన్నాళ్ళు ఇవ్వరు. ఆ గడువు ఇదివరకు నాలుగేళ్ళ దాకా ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్ళకు మించకూడదు. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇంకో కంపెనీకి వెళ్తాం. ఇంతే నష్టం. దాస్తేనో, ఆరోగ్య పాలసీలో వరసగా అయిదేళ్ళు నడిచేదాకా కంపెనీ దాన్ని తవ్వవచ్చు. అయిదేళ్ళు దాటినా మోసమని రుజువు చేస్తే ఒప్పుకోరు. జీవిత బీమాకు 1938 చట్టంలో 45వ సెక్షన్ ఉంది. మూడేళ్ళు దాటాక ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించకూడదు. బాగుంది కదా? ఆగండి. మధ్యలో ప్రీమియం ఆగిపోయి, మళ్ళీ డబ్బు కట్టి బతికించుకుంటే ఆ మూడేళ్ళూ మళ్ళీ మొదటినుంచి. అప్పుడు ఇచ్చే ఆరోగ్య ప్రకటనలోనూ ఇవే ప్రశ్నలు, దాన్నీ కౌంటర్ దగ్గర నిలబడి చదవకుండానే గీకేస్తాం.

సుప్రీంకోర్టుకెళ్ళిన ఒక కేసు చెబుతాను, 2021 డిసెంబర్ తీర్పు. ఒకాయన షుగర్ ఉందని ఫారంలో రాసి, వైద్య పరీక్ష చేయించుకుని పాలసీ తీసుకుని అమెరికా వెళ్ళాడు. అక్కడ గుండెపోటు, స్టెంట్లు. కొలెస్ట్రాల్ మాత్రల సంగతి రాయలేదని కంపెనీ క్లెయిము కొట్టేసింది. షుగరున్న మనిషని తెలిసే ఇచ్చారు కదా, ఇప్పుడు కాదంటే కుదరదంది కోర్టు. మన గుమాస్తాకూ ఆయనకూ తేడా ఒకే ఒక్క గడి.

పొగాకు సంగతి అడగకుండా గుంటూరులో సభ ఎలా ముగుస్తుంది? 1976లో పొగాకు బోర్డు పెట్టింది మన ఊళ్ళోనే. "చుట్ట మానేశానండీ, ఖైనీయే" అంటారు. ఖైనీ కూడా పొగాకే మహాప్రభో! ఏ రూపంలోనైనా అని ఫారంలో స్పష్టంగా ఉంటుంది. మూత్రంలో కొటినిన్ అని ఒక పరీక్ష చేస్తారు, పొగాకు వాడితే ఒంట్లో తేలే పదార్థం అది. ఆ పరీక్ష మీ మొహమాటం చూడదు. ఇంకోటి, మీ తండ్రిగారు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారని అడుగుతారు. మనవాళ్ళు ఎవరినడిగినా "గుండె ఆగి" అంటారు. ఎవరికైనా చివరికి ఆగేది గుండేగా! ఆ జవాబుతో లేని గుండెజబ్బును మన వంశానికి అంటగడుతున్నాం.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలట. ఫోన్ సంగతి చెప్పి దిగిపోతాను. పాలసీ ఇచ్చేముందు కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఏజెంటు పక్కనే కూర్చుని అన్నిటికీ ఎస్ ఎస్ అనమంటాడు. అనకండి. ఆ మాటలు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడండి అని అడగండి, మీ మందుల పేర్లు మీ నోటితో చెప్పండి. అలా చెప్పాక కూడా అన్యాయంగా క్లెయిము కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. నెలలో తేల్చకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించవచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు మాత్రం వెళ్ళాలి. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్ళయినా ఆ ఆఫీసు మనకింకా హైదరాబాదే. అది ఇంకో సభలో మాట్లాడతాను, పిలిస్తే.

పాలసీ కట్టలో మీ ప్రపోజల్ ఫారం నకలు కూడా ఉంటుంది. చాలామంది ఆ కవరు బీరువాలోంచే తీయరు. భోజనాలయ్యాక ఇక్కడే ఫ్యాను కింద కూర్చుంటాను. ఇళ్ళు దగ్గరేగా, వెళ్ళి ఆ కవర్లు పట్టుకురండి. తప్పు రాసినవి ఉంటే కంపెనీకి దిద్దమని ఉత్తరం ఇవాళే రాద్దాం. కళ్ళజోళ్ళు తెచ్చుకోండి, అక్షరాలు మరీ చిన్నవి.